ఉమ్మి చెప్పని లెక్క

చిన్న గొట్టంలో ఉమ్మి పోసి పంపితే చాలు, మీకు ఏయే జబ్బులు రాబోతున్నాయో ముందే చెబుతామనే ప్రకటనలు ఈమధ్య మన సభ్యుల ఫోన్లలోకీ వస్తున్నాయి. ఆ జబ్బుల జాబితాలో చర్మ క్యాన్సర్ ఒకటి. చెవిటికల్లు గ్రామశాఖ సమావేశంలో మిరప చేల కౌలు రేట్ల మీద చర్చ ముగిశాక ఒక కౌలు రైతు ఈ సంగతి ఎత్తాడు. అమెరికాలో ఉన్న బంధువుల కుర్రాడు ఆ పరీక్ష చేయించుకుంటే ముప్పు తక్కువని కాగితం వచ్చిందట. "ఏసీ గదిలో కూర్చునేవాడికి తక్కువంటే సరేనండీ. పొద్దస్తమానం ఎండలోనూ మందులోనూ ఉండే మనకెంత?" అని ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఈ నెల సంపాదకీయం దాని మీదే రాస్తున్నాం.

ముందు ఒక మాట. మన దేశంలో చర్మ క్యాన్సర్ తెల్లవారి దేశాలతో పోలిస్తే చాలా తక్కువ. మన చర్మంలో ఉండే నల్లని రంగు పదార్థం, మెలనిన్, ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు పైపైనే ఆపేస్తుంది. కాబట్టి ఎండలో పనిచేసే ప్రతివాళ్లూ కంగారు పడనక్కర్లేదు. కానీ తక్కువగా వస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ వెతకరు, ఎవరూ వెతకరు కాబట్టి ముదిరాకే బయటపడుతుంది. చేనికి పురుగు కొత్తయితే మొదటి ఏడాది ఎవరూ గుర్తుపట్టలేకపోయినట్టే ఇది కూడా.

ఈ ముందస్తు లెక్కలు ఎలా వేస్తారో చూద్దాం. ప్రపంచంలో చర్మ క్యాన్సర్ బాగా ఎక్కువగా ఉన్న దేశం ఆస్ట్రేలియా. అక్కడి క్వీన్స్‌లాండ్‌లో 40 వేల మందికి పైగా జనాన్ని క్యూస్కిన్ అనే అధ్యయనంలో చేర్చుకుని ఏళ్ల తరబడి గమనిస్తున్నారు. వయసెంత, జుట్టు ఏ రంగు, ఎండలో నిలబడితే ఒళ్లు కందిపోతుందా నల్లబడుతుందా, ఒంటి మీద పుట్టుమచ్చలు ఎన్ని, చిన్నప్పుడు ఎండకు బొబ్బలెక్కాయా అని అడుగుతారు. జవాబులకు విలువలు కట్టి, ఎవరికి క్యాన్సర్ వచ్చిందో ఎవరికి రాలేదో సరిపోల్చి ముప్పు లెక్క తయారుచేస్తారు. దీనికి జన్యువులను కూడా కలుపుతారు. ఎంసీ1ఆర్ అనే జన్యువులో కొన్ని తేడాలుంటే జుట్టు ఎర్రగా, చర్మం పాలిపోయి ఉంటుంది, అలాంటివారికి ముప్పు ఎక్కువ. అలాంటి చిన్న చిన్న తేడాలు ఎన్నో ఉన్నాయి. ఒక్కోదానికి కొన్ని మార్కులు వేసి కూడితే వచ్చేదే జన్యు స్కోరు.

ఇందులో మోసమేమీ లేదు. ఆస్ట్రేలియా వాళ్లకు అది పనికొచ్చే లెక్కే. చిక్కల్లా అది ఎవరి ఒంటి మీద తయారైందన్న దగ్గరే ఉంది. 2019లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వచ్చిన వ్యాసం ప్రకారం, జబ్బులకూ జన్యువులకూ సంబంధం వెతికే అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 79 శాతం మంది యూరప్ మూలాలవారే. ప్రపంచ జనాభాలో వాళ్ల వాటా 16 శాతం. చర్మాన్ని ఒకటి నుంచి ఆరు రకాలుగా విభజించే ఫిట్జ్‌పాట్రిక్ కొలబద్ద 1975లో పుట్టింది. అది మొదట తెల్లచర్మాలకే, మన రంగుకు గడులు తర్వాత అతికించారు. ఒక నేలలో పండించిన వేరుశనగకు చేసిన ఎరువుల సిఫారసును తెచ్చి మన నల్లరేగడి మిరపకు వేస్తే ఏమవుతుందో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడి ప్రశ్నలే ఇక్కడ అడిగితే మన అందరికీ 'ముప్పు తక్కువ' అనే వస్తుంది. మనకు జబ్బు వచ్చే దారులు వేరు, వాటి గురించి ఆ కాగితం అడగనే లేదు.

ఆ దారులు ఏవో వివరంగా రాయాలనుకుంటున్నాం, ఎందుకంటే ఇవి చదివి ఇంట్లో వాళ్లను చూసుకోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు.

మొదటిది అరికాలు. మెలనోమా అనేది చర్మ క్యాన్సర్లలో అన్నింటికంటే ప్రమాదకరమైనది. నల్లచర్మం వాళ్లలో ఇది వచ్చినప్పుడు ఎక్కువగా అరికాలి మీదో, అరచేతి మీదో, గోరు కిందో వస్తుంది. ఎండ తగలని చోటు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది ఇదే, 1981లో 36 ఏళ్లకే చనిపోయాడు. మన చేలల్లో చెప్పులు లేకుండా తిరిగే కాళ్లకు ముల్లు గుచ్చుకోవడం, గోరు నలిగి నల్లబడటం రోజూ జరిగే పనే, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. దెబ్బ తగిలి నల్లబడిన గోరు పెరిగేకొద్దీ నలుపు కూడా ముందుకు జరుగుతుంది. దెబ్బ లేకుండానే మొదలు నుంచి చివరిదాకా నల్లచార పడి అది వెడల్పవుతుంటే, ఆ నలుపు గోటి పక్క చర్మంలోకి కూడా పాకుతుంటే, అరికాలి మీద కొత్త నల్లమచ్చ అంచులు వంకరటింకరగా పెరుగుతుంటే డాక్టరుకు చూపించాలి. ఆనెకాయ అనుకుని బ్లేడుతో కోసుకోవద్దు.

రెండోది పాత మచ్చ. చిన్నప్పుడు పొయ్యి దగ్గరో, కిరసనాయిలు స్టవ్ పేలో, గుడిసె తగలబడో ఒళ్లు కాలినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ మచ్చ మీద ఎన్నో ఏళ్ల తర్వాత, సగటున మూడు దశాబ్దాల తర్వాత, పుండు లేచి క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంది. ఫ్రెంచి డాక్టరు మార్జొలిన్ 1828లోనే ఇలాంటి మచ్చల మీది పుండ్లను వర్ణించాడు, ఇప్పటికీ వాటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. కుష్ఠు నయమైనా స్పర్శ తిరిగిరాని కాళ్ల మీద ఏళ్ల తరబడి మానని పుండ్లదీ ఇదే దారి. కాలిన ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు, చాలావాటికి ఏమీ కాదు. మచ్చ మీద పగిలిన పుండు నెల దాటినా మానకపోతే, అంచులు లేచి గట్టిపడితే, ముట్టుకుంటే రక్తం వస్తే మాత్రం పసరు కట్లతో, ఊళ్లో ఇంజెక్షన్లతో కాలం గడపకూడదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే తేలిపోయే విషయం అది.

మూడోది నడుము. ఇది చదివి కొందరు నవ్వుకోవచ్చు. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ ఖనోల్కర్, ఆయన సహచరి సూర్యాబాయి కలిసి 1945లోనే 'ధోతీ క్యాన్సర్' గురించి రాశారు. పంచె ముడి ఒకే చోట ఏళ్ల తరబడి ఒరుసుకుని చర్మం చెడి వచ్చే క్యాన్సర్ అది. తర్వాత చీరకట్టుతో కూడా ఇదే జరుగుతుందని మన దేశ వైద్యులే గుర్తించారు. 2024లో మహారాష్ట్ర, బీహార్ వైద్యులు మరో ఇద్దరు పెద్దవయసు ఆడవాళ్ల సంగతి బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. లంగా బొందు బిగువు, వేడి, చెమట, దుమ్ము. ముందు దురద, తర్వాత నల్లబడి పొట్టు లేవడం, ఆ తర్వాత పుండు. మన పత్తి చేలల్లో ఆడకూలీలు ఒడి కట్టుకుని పత్తి తీస్తారు. కేజీల బరువు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ నడుము మీదే. బొందు కింద పుండుందని ఏ ఇల్లాలూ మగ డాక్టరు ముందు విప్పి చెప్పదు, అత్తగారికీ చెప్పదు. నాడాకు బదులు వెడల్పు పట్టీ కుట్టించుకోవడం, ముడి ఉండే చోటు రోజూ మార్చడం ఖర్చులేని పనులు. ఈ పేరా ఇంట్లో ఆడవాళ్లకు చదివి వినిపించండి.

నాలుగోది పురుగుమందు. దీని గురించి ఉన్నది ఉన్నట్టు రాస్తాం, ఎక్కువ చేయం. అమెరికాలో అయోవా, నార్త్ కరొలైనా రాష్ట్రాల్లో మందు కొట్టే రైతులనూ వాళ్ల కుటుంబాలనూ 1993 నుంచి ప్రభుత్వ సంస్థలే గమనిస్తున్నాయి. 2010లో ఆ అధ్యయనం ఒక విషయం చెప్పింది. జీవితకాలంలో మాంకోజెబ్, దాని సోదర మందు మానెబ్ కలిపి 63 రోజులు, అంతకంటే ఎక్కువ కొట్టినవారిలో, ఎప్పుడూ కొట్టనివారితో పోలిస్తే మెలనోమా రెట్టింపుకు పైగా కనిపించింది. పారాథియాన్, కార్బరిల్ మందులతోనూ ఇలాంటి సంబంధమే కనిపించింది. వాళ్లు తెల్లరైతులు. సంబంధం కనిపించినంత మాత్రాన అదే కారణమని రుజువైనట్టు కాదు. కానీ మాంకోజెబ్ అంటే మనం కాయకుళ్లుకనీ ఆకుమచ్చకనీ మిరపకు కొట్టే ఎం-45 పొడే. ఏడాదికి నాలుగుసార్లు కొట్టే రైతుకు పదహారేళ్లలో 64 రోజులవుతాయి. సొంత చేనుకు మాత్రమే కొట్టుకునేవాడి లెక్క ఇది. తైవాన్ పంపు భుజాన వేసుకుని సీజన్‌లో రోజుకో చేనుకు కూలికి మందు కొట్టే కుర్రాడికి పదహారేళ్లు అక్కర్లేదు. రెండు మూడు సీజన్లు చాలు. అతని పేరు పాసుపుస్తకంలో లేదు, పంట నమోదులో లేదు, ఏ లెక్కలోనూ లేదు.

కార్బరిల్‌ను, మిథైల్ పారాథియాన్‌ను కేంద్రం 2018లో నిషేధించింది. 2020లో నిషేధించాలని ముసాయిదా తెచ్చిన 27 మందుల్లో మాంకోజెబ్ కూడా ఉంది. ఆ 27లో చివరికి నిషేధం దాకా వచ్చినవి కొన్నే. మాంకోజెబ్ ఇప్పటికీ ప్రతి మందుల కొట్లోనూ దొరుకుతుంది. దాన్ని రేపే ఆపేయమని మేము అనడం లేదు. బదులేమిటో చెప్పకుండా మందు లాక్కుంటే నష్టపోయేది రైతే. కానీ చేతికి తొడుగు లేకుండా డ్రమ్ములో చెయ్యి పెట్టి కలపమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. తొడుగులు, ముక్కు గుడ్డ, ఒంటిని కప్పే చొక్కా డబ్బాతో పాటు కంపెనీయే ఇవ్వాలన్నది మా డిమాండ్. డబ్బా మీద అరచెయ్యంత జాగాలో చీమల్లాంటి అక్షరాలతో హెచ్చరిక అచ్చేస్తే కంపెనీ బాధ్యత తీరిపోదు.

ఇంతకీ జన్యువులకు పనే లేదా అంటే, ఉంది. బంగ్లాదేశ్ పల్లెల్లో బోరునీళ్లలో సహజంగా ఉండే ఆర్సెనిక్ వల్ల లక్షలమందికి చర్మం మీద మచ్చలు, అరచేతుల్లో గట్టి కాయలు, కొందరికి చర్మ క్యాన్సర్ వచ్చాయి. ఒకే బావి నీళ్లు తాగినా అందరికీ ఒకేలా రాలేదు. ఎందుకని వెతికితే, శరీరం ఆర్సెనిక్‌ను మార్చి బయటికి పంపే పనిలో ఉండే ఒక జన్యువు చుట్టూ తేడాలున్నాయని 2012లో తేలింది. జన్యు పరీక్ష అంటే ఇలా ఉండాలి. ఆ ఊరి మనుషుల మీద, ఆ ఊరి నీటిని లెక్కలోకి తీసుకుని చేశారు. అయినా బావి మార్చడమే మందు, జన్యువు తెలిసినా తెలియకపోయినా. ఈ తేడాను ఉమ్మి గొట్టాల కంపెనీలు చెప్పవు.

మన దగ్గర కూడా ఇలాంటి పని మొదలైంది. చర్మం రంగును తేలికచేసే ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులోని తేడా యూరప్‌లోనూ మన దేశంలోనూ ఒకే మూలం నుంచి వచ్చిందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి పనిచేసిన బృందం 2013లో చూపించింది. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, రెండు రంగుల చర్మాలు ఎందుకుంటాయో దాంతో కొంత అర్థమవుతుంది. పదివేల మంది భారతీయుల జన్యువులు చదివిన జీనోమ్ ఇండియా సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. మంచిదే. అయితే ప్రజల ఒంట్లోంచి తీసిన సమాచారంతో తయారయ్యే పరీక్షలు మళ్లీ ప్రజలకే వేల రూపాయలకు అమ్మే సరుకు కాకూడదు. అమెరికాలో కోటిన్నర మంది ఉమ్మి సేకరించిన 23అండ్‌మీ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసినప్పుడు ఆ జన్యు సమాచారం ఎవరి చేతికి పోతుందోనని అక్కడివాళ్లు హడలిపోయారు. బయట చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

జన్యువుల విషయంలో మన ఇళ్లకు నిజంగా సంబంధించిన ప్రశ్న ఒకటుంది. మేనరికం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగు పెళ్లిళ్లలో ఒకటి దగ్గరి బంధువుల మధ్యే. మేనమామ కూతుర్ని చేసుకుంటే ఇద్దరి జన్యువుల్లో ఎనిమిదో వంతు ఒకటే, అక్క కూతుర్ని చేసుకుంటే నాలుగో వంతు. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి దాగి ఉన్న లోపాలు బిడ్డలో కలిసినప్పుడు మాత్రమే బయటపడే జబ్బులు కొన్ని ఉన్నాయి. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అలాంటిది. ఎండ వల్ల కణాల్లో జరిగే నష్టాన్ని శరీరం సరిచేసుకోలేదు. రెండేళ్లకే ముఖం నిండా మచ్చలు, పదేళ్లు నిండకుండానే చర్మ క్యాన్సర్ రావచ్చు. ఇరవై ఏళ్లలోపు వాళ్లలో మామూలు పిల్లలకంటే వేల రెట్లు ముప్పు. పుట్టుకతోనే ఒళ్లు, జుట్టు తెల్లగా ఉండే పిల్లలది కూడా చాలావరకు ఇదే వారసత్వం, వాళ్లకూ ఎండే శత్రువు. మధ్యలో వచ్చే బొల్లి మచ్చలతో దీన్ని కలపవద్దు, అది వేరు. మేనరికాలు చేసుకున్నవాళ్లను నిందించడం మా ఉద్దేశం కాదు. భూమి ముక్కలు కాకుండా ఉండాలని, కట్నం తగ్గుతుందని, తెలిసిన ఇల్లని మన పెద్దలు చేసిన పెళ్లిళ్లవి. కానీ అలాంటి బిడ్డ పుట్టిన ఇంట్లో పూర్వజన్మ పాపమనో తల్లి గ్రహణంలో తిరిగిందనో అనడం మానాలి. ఆ బిడ్డకు కావాల్సింది నీడ, నిండు చేతుల చొక్కా, టోపీ, ఆరు నెలలకోసారి డాక్టరు చూపు, ఎండ పడని చోట చదువు. రెండో బిడ్డకు ముందు జన్యు సలహా. చర్మ క్యాన్సర్ ముప్పును జన్యు పరీక్ష ఖచ్చితంగా చెప్పగలిగేది ఇక్కడే. ఇక్కడే అది ఉచితంగా దొరకాలి.

ఇవన్నీ పల్లెల్లో చేయడం సాధ్యమా అనేవాళ్లకు మన తెలుగునేలే జవాబు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను మండే కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఎప్పటినుంచో ఉంది. వాళ్లకు నోటి అంగిట్లో క్యాన్సర్ వస్తోందని మన వైద్యులు 1950లలోనే రాశారు. ఆ తర్వాత ముంబై టాటా సంస్థ దంతవైద్యులు 10,169 మంది గ్రామస్తుల నోళ్లను పరీక్షించి 1971లో లెక్క ప్రచురించారు. జన్యు యంత్రాలు లేవు, స్మార్ట్ ఫోన్లు లేవు. టార్చిలైటు, చిన్న అద్దం, రాసుకునే కాగితం. ఏ అలవాటు, ఏ మచ్చ, ఎవరి నోట్లో అని అడిగి, చూసి, రాశారు. తర్వాత శ్రీకాకుళం సహా మూడు జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లకు మానమని నచ్చజెబుతూ ఏళ్లపాటు గమనించారు. అడిగితే, చూస్తే, చెబితే మచ్చలు తగ్గుతాయని 1986లో తేలింది.

ఇప్పుడు మన ఆశ కార్యకర్తల చేతుల్లో అలాంటి కాగితం ఒకటి ఉంది. ముప్పై దాటిన ప్రతివారికీ నింపాల్సిన సీబ్యాక్ ఫారం. వయసుకు ఇన్ని, పొగాకుకు ఇన్ని, మద్యానికి ఇన్ని అని మార్కులు వేస్తారు, మొత్తం నాలుగు దాటితే ముందు పరీక్షకు పంపుతారు. ఇదీ ముప్పు లెక్కే, పైగా ఉచితం. అందులో పంట వ్యర్థాలు తగలబెట్టే పొగ గురించి, ఇటుక బట్టీల దుమ్ము గురించి ప్రశ్న ఉంది. పురుగుమందు గురించి లేదు. అరికాలి పుండు గురించి అడుగుతారు, కానీ అది కుష్ఠు అనుమానం కోసం. టేపు పెట్టి నడుము చుట్టుకొలత తీసుకుంటారు, ఆ నడుము మీద బొందు కింద చర్మం ఎలా ఉందని అడగరు. క్యాన్సర్ పరీక్ష అంటే నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం వరకే.

ఆ ఫారంలో నాలుగు ప్రశ్నలు చేర్చమని మనం అడుగుతున్నాం: కాలిన పాత మచ్చ మీద పుండు ఉందా, నడుము దగ్గర మానని ఒరుపు ఉందా, అరికాల్లో గోళ్లలో కొత్త నలుపు ఉందా, ఏడాదికి ఎన్ని రోజులు మందు కొడతారు లేదా కలుపుతారు. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త ఉద్యోగం అక్కర్లేదు. ఆశ అక్కచెల్లెళ్ల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉందని మాకు తెలుసు. చేర్చే ప్రతి పనికీ పారితోషికం చేర్చాలని వాళ్ల సంఘంతో కలిసే అడుగుతాం. నందిగామ, జగ్గయ్యపేట ప్రభుత్వాసుపత్రుల్లో వారంలో ఒక ఖాయమైన రోజు చర్మవ్యాధుల డాక్టరు చూడాలి, ముక్క తీసి అక్కడినుంచే పరీక్షకు పంపాలి. కూలి మనిషి ఒక మచ్చ చూపించుకోవడానికి విజయవాడో మంగళగిరో వెళ్లాలంటే ఒక పూట బస్సులో, ఒక పూట వరుసలో పోతుంది. ఫలితం కోసం మళ్లీ ఇంకో రోజు. మూడు కూళ్లు పోగొట్టుకునే బదులు పుండును ఇంకో ఆరు నెలలు మోయడమే నయమని అతను అనుకుంటే తప్పు అతనిది కాదు.

ఈలోగా మన చేతిలో ఉన్న పని మనం మొదలుపెడదాం. కంచికచర్ల మండలంలోని గ్రామశాఖలు మందు కొట్టే రోజుల పుస్తకం పెడుతున్నాయి. చెవిటికల్లుతో మొదలు. తేదీ, మందు పేరు, ఎన్ని ట్యాంకులు, చేతికి తొడుగు ఉందా లేదా, సొంత చేనా కూలికా. రాయడం రానివాళ్లు పక్కింటి పిల్లలతో రాయించుకోవచ్చు. ఖాళీ డబ్బా మూతలు దాచి తెచ్చినా సరే, కార్యదర్శి రాసుకుంటాడు. కూలికి కొట్టేవాళ్ల పేర్లు ముందు రాయండి, రైతుల పేర్లు తర్వాత. ఈ పుస్తకం సంఘం దగ్గరే ఉంటుంది, మందుల కంపెనీకి గానీ బీమా ఏజెంటుకు గానీ చూపించం. ఖరీఫ్ మందులు ముగిసేనాటికి ఒక సీజన్ లెక్క చేతికొస్తుంది. దాన్ని, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలను కలిపి జిల్లా వైద్యాధికారికి అర్జీగా ఇస్తాం. అర్జీ మీద సంతకాలకు వచ్చేవాళ్లు ఆ రోజు చెప్పులు విప్పి ఒకరి అరికాళ్లు ఒకరు చూసుకుని మరీ రండి.